అమావాస్యకు అటూ ఇటూ: ములుగు దారిలో చుక్కలు చూపించే పనికి సన్నాహం

ఊళ్లలో జనానికి ఆకాశం చూపించే వాలంటీర్లుగా వెళ్లాలనుకునేవాళ్లు చాలామంది ముందు చుక్కల పేర్లు బట్టీ పడతారు. పేర్లు తొందరగానే వస్తాయి. చీకటి ఎక్కడ దొరుకుతుంది, అక్కడిదాకా బండి పోతుందా, ఎవరి చేను పక్కన నిలబడుతున్నాం, ఎవరికి చెప్పి నిలబడాలి, ముప్పై మంది వరసలో ఉంటే చివరివాళ్ల వంతు ఎప్పుడొస్తుంది అన్నవే అసలు పాఠాలు. అవి పుస్తకంలో దొరకవు. కార్యక్రమానికి నెల ముందే అదే దారిలో, అదే చీకట్లో తిరిగి చూసుకోవాలి. 2026 జనవరిలో సంక్రాంతి అయ్యీ కాగానే హన్మకొండ నుంచి ములుగు వైపు మేం నలుగురం బయలుదేరింది ఈ పని మీదే. 18, ఆదివారం, పుష్య అమావాస్య. దానికి అటు రెండు రోజులు, ఇటు రెండు రోజులు.

జనవరి 16, శుక్రవారం, హన్మకొండ

కనుమ పూట చౌరస్తాలో సగం దుకాణాలకు షట్టర్లు దించే ఉన్నాయి. తెరిచి ఉన్న ఒక స్టేషనరీ షాపులో ఎర్ర సెల్లోఫేన్ కాగితం దొరికింది, షీటు పది రూపాయలు. టార్చి అద్దానికి ఒక్క పొర చుడితే వెలుగు గులాబీ రంగులో వస్తుంది, అది పనికిరాదు. నాలుగు పొరలు మడిచి రబ్బరు బ్యాండుతో బిగించి, చీకటి గదిలో కాగితం మీద వేసి చూడాలి. అక్షరాలు కష్టం మీద చదవగలిగేంత మసక ఎరుపు అయితే సరిపోయినట్టు. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఎవరో ఒకరు ఫోను తెరిస్తే మళ్లీ మొదటికే. అందుకే కార్యక్రమానికి వచ్చినవాళ్లకు చెప్పాల్సిన మొదటి మాట గురుడు, శని గురించి కాదు, ఫోను జేబులో పెట్టుకోమని.

టెలిస్కోపు 8 అంగుళాల డాబ్సోనియన్, అంటే పీట మీద పెట్టి చేత్తో తిప్పే అద్దాల రకం. నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 1,200 మిల్లీమీటర్లు. 25 మిల్లీమీటర్ల ఐపీస్, అంటే కన్ను పెట్టి చూసే కటకం, పెడితే 48 రెట్లు, 10 పెడితే 120 రెట్లు. ఎక్కువ రెట్లుంటే ఎక్కువ బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది గానీ జనం ముందు 48 రెట్లే మేలు. భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి 120 రెట్ల దగ్గర ఏ గ్రహమైనా రెండు నిమిషాల్లోపే చూపు వలయం దాటిపోతుంది. 48 దగ్గర నాలుగు నిమిషాలు నిలుస్తుంది, అంటే ఐదారుగురు చూసేదాకా గొట్టాన్ని కదిలించక్కర్లేదు. కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లకు 10 మిల్లీమీటర్ల సాదా ఐపీస్‌లో వలయం పూర్తిగా కనిపించదు, కన్ను మరీ దగ్గరగా పెట్టాల్సి వస్తుంది. 25లో అద్దాలతోనే చూడొచ్చు.

అద్దాల అమరిక, అంటే కాలిమేషన్, పగలే సరిచూసుకోవాలి. గొట్టాన్ని నిలువుగా ఉంచి స్క్రూలు తిప్పకూడదు. చేతిలోంచి అలెన్ కీ జారితే సూటిగా అడుగున ఉన్న పెద్దద్దం మీద పడుతుంది. గొట్టాన్ని మంచం మీద అడ్డంగా పడుకోబెట్టి, ఐపీస్ అమర్చే ఫోకసర్‌లో చిన్న రంధ్రం ఉన్న మూత పెట్టి చూడాలి. గొట్టం పైభాగంలో ఉండే చిన్నద్దంలో పెద్దద్దం మొత్తం గుండ్రంగా, దాన్ని పట్టుకునే మూడు క్లిప్పులతో సహా కనిపిస్తోందా అన్నది మొదట తేల్చుకోవాలి. ఆ తర్వాతే వెనక ఉన్న మూడు మరలు తిప్పుతూ పెద్దద్దం నడిమి గుర్తును రంధ్రం ప్రతిబింబం కిందికి తేవాలి. చిన్నద్దం సరిగా లేకుండా పెద్దద్దం మరలు ఎంత తిప్పినా సుఖం లేదు, చాలామంది గంటలు పోగొట్టుకునేది ఇక్కడే. గుంతల రోడ్డు మీద అరవై కిలోమీటర్లు పోయాక అమరిక ఎలాగూ కొంచెం తప్పుతుంది. వెనక మరల్లో బిగించే మరలు వేరుగా, సర్దే మరలు వేరుగా ఉంటాయి, బిగించేవి వదులుగా వదిలేస్తే ఇంకా తొందరగా తప్పుతుంది.

మంచు కోసం వ్యాయామానికి పరుచుకునే ఫోమ్ షీటు ఒకటి, 180 రూపాయలు. గొట్టం చుట్టుకొలత 75 సెంటీమీటర్లు, అతుకుకు ఇంకో ఐదు కలిపి కత్తిరించాలి. గొట్టం అంచు దాటి 40 సెంటీమీటర్లు ముందుకు పొడుచుకు వచ్చేలా చుట్టి వెల్క్రోతో అంటిస్తే మంచు తొడుగు తయారు. దోమల మందు విషయంలో ఒక జాగ్రత్త. డీట్ ఉండే క్రీములు, స్ప్రేలు ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి, ఐపీస్ రబ్బరు, బైనాక్యులర్ తొడుగు జిగురుగా అయిపోతాయి. నిండు చేతుల చొక్కా, సాక్సులు, మంకీ క్యాపు చాలు.

రాత్రి మేడ మీద కొలత. నగరం నడిబొడ్డున కృత్తికల్లో నాలుగు చుక్కలు తేలిగ్గా, ఐదోది పక్కచూపుతో కనిపించింది. ఈ లెక్క రాసి పెట్టుకోవాలి. రేపు చీకటి ఊళ్లో అదే గుంపును లెక్కపెడితే ఎంత తేడా ఉందో జనానికి చెప్పడానికి మన ఊరి అంకె చేతిలో ఉంటుంది.

పక్కింటివాళ్లు పండగ సకినాలు ఒక డబ్బా నిండా ఇచ్చారు. చలి రాత్రిలో సకినాలను మించిన తిండి లేదు, కరకరలాడతాయి, పాడుకావు, ఒక్క చేత్తో తినొచ్చు. కానీ నూనెలో వేగిన పిండి, నువ్వులు. ఆ వేళ్లతో ఐపీస్ ముట్టుకుంటే గాజు మీద మచ్చ పడుతుంది, తుడిస్తే పూత గీసుకుపోతుంది. సామానులో ఒక సబ్బు ముక్క, నీళ్ల సీసా, పాత తువ్వాలు తిండి డబ్బాతో పాటే ఉండాలి.

జనవరి 17, శనివారం, పాలంపేట

ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర ఎడమకు తిరిగితే వెంకటాపూర్ మీదుగా పాలంపేట. క్రాస్ దగ్గర హోటల్లో చాయ్ పది, మిర్చి బజ్జీ ప్లేటు ముప్పై. వెనక సీట్లో పడుకోబెట్టిన గొట్టాన్ని చూసి చాయ్ పోసే అక్క అడిగింది, "ఏంది సారూ గది, బోరు పైపా?" దుర్బిణి అని చెప్పగానే పొయ్యి దగ్గరున్న ఆయన, బెంచీ మీది ఇద్దరు ముసలాయనలు, అందరూ బయటికొచ్చారు. పగలు సూర్యుడి వైపు తిప్పి చూపించమని ఒకాయన పట్టుబట్టాడు. ముందు భాగం మొత్తాన్ని కప్పే సౌర ఫిల్టరు లేకుండా సూర్యుడి వైపు తిప్పడమంటే కన్ను పోవడమే. ఫిల్టరు తేలేదు కాబట్టి మూతే తీయలేదు. పగలు ఎవరైనా అడిగితే దూరంగా ఉన్న సెల్ టవరు కొసను చూపించొచ్చు, తలకిందులుగా కనబడుతుంది, అది చూసి అందరూ నవ్వుకున్నారు. రాత్రి గ్రహాలూ తలకిందులుగానే ఉంటాయని అక్కడే చెప్పేస్తే తర్వాత ప్రశ్న రాదు.

రామప్ప గుడి దగ్గర పండగ సెలవుల జనం. రేచర్ల రుద్రుడు వేయించిన శాసనం 1213 నాటిది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక రాకపోకలు పెరిగాయి. సాయంత్రం మూసేస్తారు, పైగా అది పురావస్తు శాఖ అధీనంలో ఉన్న చోటు. గుడి ఆవరణలో రాత్రి టెలిస్కోపు పెట్టాలనే ఆలోచన అందరికీ వస్తుంది, రాతపూర్వక అనుమతి లేకుండా ఆ మాట ఎత్తకపోవడం మంచిది. చీకటి కావాలంటే చెరువు వైపే పోవాలి.

చెరువు దారిలో చిన్న హోటల్లో చేపల పులుసుతో అన్నం, 150 రూపాయలు. చింతపులుపు గట్టిగా, కారం ఇంకా గట్టిగా. వడ్డించిన పెద్దమ్మ రెండోసారి అన్నం అడక్కుండానే పెట్టి, "రాత్రంత మంచుల నిలబడతరట, తినుండ్రి బిడ్డా" అంది. కట్ట మీద ఎక్కడ నిలబడితే ఎవరికీ అడ్డం ఉండదో చెప్పింది కూడా ఆమే. తెల్లవారక ముందే చేపలు పట్టేవాళ్లు బండ్ల మీద అటే వస్తారట, దారికి అడ్డంగా సామాను పెట్టొద్దంది.

సూర్యాస్తమయం ఆరుకు కొద్ది నిమిషాల ముందు. పూర్తి చీకటి పడేది ఏడుంపావుకు. మొదటిసారి చేసేవాళ్లు ఆరున్నరకే జనాన్ని పిలుస్తారు, గంటసేపు చూపించడానికి ఏమీ ఉండక పిల్లలు విసిగిపోతారు. మధ్యలో ఉన్న ఆ గంట అద్దం చల్లబడటానికి కావాలి. కారులో వేడెక్కిన అద్దం బయటి చలికి సర్దుకోవడానికి నలభై నిమిషాలు పడుతుంది. అంతవరకు ఏ గ్రహాన్ని చూసినా అంచులు కదులుతూ ఉడికిపోతున్నట్టు ఉంటుంది. దాన్ని ఫోకస్ లోపం అనుకుని గుబ్బ తిప్పుతూ కూర్చుంటారు కొత్తవాళ్లు.

చీకటి పడ్డాక పాలంపేట ఆకాశం గుణదోషాలు బయటపడ్డాయి. కృత్తికల్లో ఏడు చుక్కలు తడుముకోకుండా లెక్కపెట్టొచ్చు. ఆండ్రోమెడా గెలాక్సీ పడమటి ఆకాశంలో మసక మచ్చలా కంటికే కనబడింది, బైనాక్యులర్‌లో సాగిన వెలుగుగా తేలింది. ఇరవై ఐదు లక్షల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చే వెలుగు అది, ములుగు జిల్లా చెరువు కట్ట మీద ఒట్టి కంటితో పట్టుకోవచ్చు. కానీ ఉత్తరం బాగాలేదు. భూపాలపల్లి బొగ్గు గనులు, చెల్పూరు థర్మల్ కేంద్రం ఆ వైపే, నేల నుంచి రెండు పిడికిళ్ల ఎత్తుదాకా తెల్లటి వెలుగు. ఇక్కడ ధ్రువ నక్షత్రం ఎత్తు పద్దెనిమిది డిగ్రీలే, ఎందుకంటే ధ్రువుడి ఎత్తు మన అక్షాంశమే. చెయ్యి చాపితే పిడికిలి వెడల్పు పది డిగ్రీలు, అంటే రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ. సరిగ్గా ఆ వెలుగు పొరలోనే ఉన్నాడు. ఎలా వెతకాలో తెలియనివాళ్లకు ఇక్కడ ధ్రువుణ్ణి చూపించడం కష్టం. సాయంత్రం వాయవ్యంలో వంకర గీతలా ఐదు చుక్కల కాసియోపియా ఉంటుంది, అక్కణ్ణుంచి కుడికి దిగుతూ రావాలి.

దక్షిణం మాత్రం అద్భుతం. రాత్రి పదీ నలభై ఐదుకు అగస్త్య నక్షత్రం నడి దక్షిణానికి వచ్చింది, ఎత్తు పంతొమ్మిది డిగ్రీలు. ఉత్తరాన ధ్రువుడు, దక్షిణాన అగస్త్యుడు ఇంచుమించు ఒకే ఎత్తులో, ఎదురెదురుగా. ఇది మన అక్షాంశానికి దక్కిన భాగ్యం, ఢిల్లీలో అగస్త్యుడు నేలకు బాగా దగ్గరగా కనిపిస్తాడు. జనవరి కార్యక్రమంలో దీన్ని చూపించకుండా ఎవరినీ ఇంటికి పంపకూడదు.

తిరిగి వచ్చేటప్పుడు ఫోను మ్యాపు దగ్గరి దారి అంటూ కాలువ గట్టు మీదికి ఎక్కించింది. రెండు కిలోమీటర్లు పోయాక గట్టు సన్నబడి, యాసంగి నాట్ల కోసం దమ్ము చేసిన మడి అంచున దారి ఆగిపోయింది. వెనక్కే రావాలి, తిప్పుకునే చోటు లేదు. పక్క చేను దగ్గర లైటు వేసి వచ్చినాయన మొదట అడిగింది మేం ఎవరమని కాదు, బండి దిగి చేనులోకి నడిచామా అని. అడవి పందుల కోసం కొందరు రాత్రిపూట కంచెలకు కరెంటు పెడుతున్నారు. చట్టవిరుద్ధమే, మనుషులూ పోతున్నారు, అయినా ఆగడం లేదు. చీకటి బాగుంది కదా అని రాత్రి తెలియని చేనులో అడుగు పెట్టడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. చోటు పగలే చూడాలి, ఆ చేను ఆసామితో నేరుగా మాట్లాడాలి, నడిచే దారికి రెండు పక్కలా సున్నం గుర్తులు వేయాలి. వాలంటీర్ల శిక్షణలో ఇదే మొదటి పాఠంగా ఉండాలి, చుక్కల పటం రెండోది. ఆయన టార్చి వేసి దారి చూపుతూ కారును అంత దూరమూ వెనక్కి నడిపించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. సకినాలు మాత్రం తీసుకున్నాడు.

జనవరి 18, ఆదివారం, అమావాస్య, లక్నవరం

జాతీయ రహదారి మీద ఈ రోజంతా మేడారం బండ్లే. సమ్మక్క సారలమ్మల జాతర నెలాఖరున, 28 నుంచి 31 దాకా. ఆ నాలుగు రోజుల కిక్కిరింపు తట్టుకోలేనివాళ్లు ముందే వెళ్లి మొక్కులు తీర్చుకుంటారు, ఆదివారమైతే చెప్పక్కర్లేదు. దారి పక్కన బెల్లం దిమ్మెల దుకాణాలు వెలిశాయి, అమ్మల దగ్గర అది బంగారం. మేకలు, కోళ్లు, పిల్లలతో నిండిన ట్రాలీలు. రాత్రంతా హెడ్‌లైట్ల వరస ఆగదని అక్కడే అర్థమైంది కాబట్టి తాడ్వాయి వైపు పోవాలన్న ఆలోచన పక్కన పెట్టి చల్వాయి దగ్గర కుడికి తిరగడమే సరైంది. జాతర ఉన్న ఏడాది జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఈ రోడ్డుకు ఐదు కిలోమీటర్ల లోపల కార్యక్రమం పెట్టుకోకూడదు.

లక్నవరం చెరువు దగ్గర వేలాడే వంతెనలు, దీవుల మీద కాటేజీలు, వాటి నిండా లైట్లు. పర్యాటకానికి బాగుంది, చుక్కలకు కాదు. చెరువు వెలుగు కొండ చాటుకు పోయేదాకా వెనక్కి వస్తే మిర్చి చేన్లు. ఒక కల్లంలో ఎర్రటి మిరపకాయలు పరిచి ఉన్నాయి, పక్కనే తాటాకు గుడిసె, రాత్రి కాపలా ఉండే కుటుంబం. పగలే వెళ్లి అడిగితే ఆ రైతు నిలబడే చోటు చూపించి, తన చేనుకు కరెంటు కంచె లేదని, పక్క చేనువాళ్లకు కూడా చెప్పి వస్తానని వెళ్లాడు. ఒక్కటే షరతు, పరిచిన కాయలను తొక్కొద్దన్నాడు. ఇంకో సంగతి మేమే గమనించాం. కల్లం గాలిలో మిరప ఘాటు ఉంటుంది, పది నిమిషాల్లో కళ్లు మండుతాయి. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసి, కల్లానికి ఎగువన నిలబడాలి. ఆ కాయలు ముట్టుకున్న చేత్తో కన్ను నలిపితే ఆ రాత్రికి అంతే.

పక్క వాడలో పిల్లల్ని పంపిస్తారా అని అడిగితే ఒక తాత తల అడ్డంగా ఊపాడు. "అమాస పూట పోరగాండ్లను చీకట్లకు ఎవలు తోలుతరు సారూ? రేపు రాండ్రి, ఊరంత వస్తది." మంచి మాట. చుక్కల కోసం చూసేవాళ్లకు అమావాస్య అంటే పండగ, ఊళ్లో అది బయటికి వెళ్లని రోజు. వాదించి లాభం లేదు, అవసరం అంతకన్నా లేదు. పాడ్యమి నాడు చంద్రుడు సూర్యుడి వెనకే దిగిపోతాడు, చీకటి అంతే చిక్కగా ఉంటుంది. కార్యక్రమం తేదీని అమావాస్య మర్నాటికి పెడితే ఆకాశానికీ ఊరికీ ఇద్దరికీ కుదురుతుంది. ఈ రాత్రి కల్లం కాపలా కుటుంబం, మేం, అంతే.

మంచు తొమ్మిదింటికే మొదలైంది. చుట్టూ దమ్ము చేసిన మడులు, పక్కన చెరువు, గాలి లేదు. బైనాక్యులర్ అద్దాల మీద ఆవిరి పట్టింది, గురి చూసుకోవడానికి గొట్టం మీద ఉండే చిన్న దుర్బిణి, ఫైండర్, పూర్తిగా మసకబారింది. పెద్దద్దం గొట్టం అడుగున ఉంటుంది కాబట్టి అంత తొందరగా తడవదు, ముందు పోయేవి ఫైండర్, ఐపీస్, ఆ తర్వాత చిన్నద్దం. తువ్వాలుతో తుడవకూడదు. మంచులో దుమ్ము కలిసి ఉంటుంది, గీతలు పడతాయి. ఐపీస్‌లను చొక్కా లోపలి జేబులో ఒంటి వేడి తగిలేలా పెట్టుకుని, ఒక్కోటి మార్చి మార్చి వాడితే రాత్రంతా గడిచిపోతుంది. ఫైండర్‌కు ఫోమ్ ముక్కతో ఇంకో చిన్న తొడుగు కావాలని రాసుకున్నాం. చుక్కలను చూపించే ఆకుపచ్చ లేజరు కూడా చలికి మొరాయిస్తుంది, వెలుగు సన్నబడిపోతుంది, అదీ జేబులోనే. లేజరు 5 మిల్లీవాట్లకు మించకూడదు, విమానం కనిపిస్తే ఆపేయాలి, మనుషుల వైపు, రోడ్డు మీది బండ్ల వైపు తిప్పకూడదు. ఎంత అడిగినా పిల్లల చేతికి ఇవ్వకూడదు.

ఆ ఇంటి అవ్వ గుడిసె ముందు మంచం మీద కూర్చుని ఉంది. ఆమెకు టెలిస్కోపు అక్కర్లేదు. కృత్తికలను పిల్లలకోడి అంది. సప్తర్షుల్లో నాలుగు చుక్కలు మంచంకోళ్లు అంది, అవి ఇంకా పూర్తిగా పైకి రాలేదని, కోడి కూసే యాళకు నెత్తి మీదికి వస్తాయని చెప్పింది. కాలం కొలవడానికి చుక్కలు వాడిన తరం అది. ఇలాంటి పెద్దవాళ్లు ఊరికొకరు ఇంకా ఉన్నారు. గైడు ముందు వాళ్లను మాట్లాడించి, ఆ పేర్లతోనే మొదలుపెడితే మిగతా జనం వింటారు.

శని దగ్గరే చిక్కొచ్చింది. ఈ నెల శని పడమట ఏడున్నరకు దాదాపు నలభై డిగ్రీల ఎత్తున ఉండి, పది దాటాక దిగిపోతోంది. వలయాలు చూద్దామని అందరూ ఆశపడతారు. 2025 మార్చిలో ఆ వలయాల తలం భూమికి సరిగ్గా అంచుతో నిలిచింది, ఇప్పటికీ దాదాపు అలాగే ఉంది. పళ్లెం చుట్టూ వెడల్పాటి అంచు కనిపించదు, గుండ్రటి చుక్కకు అడ్డంగా సన్నటి గీత మాత్రమే. ముందే చెప్పకపోతే చూసినవాళ్లు నిరాశపడతారు. కొన్నేళ్లలో మళ్లీ విచ్చుకుంటాయి, ఈ సన్నగీత దశ సుమారు పదిహేనేళ్లకు ఒకసారే దొరుకుతుంది అని చెప్తే అదే గీతను ఇంకోసారి చూస్తామని వస్తారు. కానీ అవ్వ అసలు చూడనంది. "శని దేవుణ్ణి గట్ల కన్ను పెట్టి సూడొద్దు బిడ్డా." సరేనని గొట్టం గురుడి వైపు తిప్పాం. బృహస్పతి పక్కన ఒకే వరసలో చిన్న చుక్కలు, దాని ఉపగ్రహాలు అంటే చాలాసేపు చూసింది. ఎవరికైనా ముందు గురుడు, తర్వాత ఇష్టమున్నవాళ్లకే శని.

గురుడికి కూడా వేళ ఉంది. ఈ నెల అది మిథునంలో, పునర్వసు జంట చుక్కల పక్కన. రాత్రి పదకొండున్నరకు నడినెత్తికి వస్తుంది. డాబ్సోనియన్‌కు నడినెత్తి గండం, గొట్టం నిలువుగా ఉన్నప్పుడు పక్కకు తిప్పడం కుదరదు, దాన్ని వెంబడించలేం. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదింటి మధ్య నలభై ఐదు, యాభై డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు చూపించేయాలి. పిల్లలకు కూడా కన్ను అందే ఎత్తు అది. శుక్రుడు, కుజుడు ఇద్దరూ ఈ నెల సూర్యుడి వెలుగులో కలిసిపోయారు. వేగుచుక్క ఏదని అడుగుతారు, ఆ జవాబు సిద్ధంగా ఉండాలి.

జనవరి 19, సోమవారం, చల్వాయి దగ్గర ఒక బడి

తాత చెప్పినట్టే పాడ్యమి నాడు ఊరు వచ్చింది. బడి మైదానం, ప్రధానోపాధ్యాయురాలి అనుమతి, కొత్తగా గెలిచిన సర్పంచ్‌కు ఒక మాట, పోలీస్ స్టేషన్‌కు ఒక ఫోను. మైదానం అంచున ఎల్ఈడీ వీధి దీపం నేరుగా కళ్లలోకి కొడుతోంది. స్తంభం ఎక్కి ఎవరూ ఏమీ చేయకూడదు, ఆ పని పంచాయతీ ఎలక్ట్రీషియన్‌దే. రెండు గంటలు ఆపి మళ్లీ వేసి వెళ్లాడు, చాయ్ తప్ప ఏమీ తీసుకోలేదు.

మొదటి ఇరవై నిమిషాలు టెలిస్కోపు ముట్టుకోకూడదు. పట్టాలు పరిచి కూర్చోబెట్టి ఒట్టి కంటితోనే. వేటగాడి ఆకారంలో ఉండే ఓరియన్ గుంపు నడుం మీది మూడు చుక్కల గీతను పైకి పొడిగిస్తే ఎర్రటి రోహిణి, ఇంకా పైకి పోతే కృత్తికలు, కిందికి పొడిగిస్తే నక్షత్రాలన్నిటికన్నా కాంతిమంతమైన సిరియస్. రోహిణి తొమ్మిదింటికి మన నడినెత్తికి రెండు డిగ్రీల దూరంలోకి వచ్చేస్తుంది, వెల్లకిలా పడుకుని చూడమంటే పిల్లలు వదిలిపెట్టలేదు. "నాది మృగశిర, నాది పునర్వసు, గవి ఏడున్నయ్?" అని ఆడవాళ్ల వైపు నుంచి అడిగారు. జనవరి రాత్రి అశ్విని నుంచి పునర్వసు దాకా వరసగా చూపించొచ్చు, పది అయ్యేసరికి పుష్యమి, ఆశ్లేష, మఖ కూడా. చుక్కను చూపించాలి, దూరం చెప్పాలి, జాతకం మాట వస్తే అది మనం చెప్పేది కాదని మర్యాదగా అనాలి. ఎవరి నమ్మకాన్నీ వేళాకోళం చేయకూడదు. తన జన్మ నక్షత్రాన్ని మొదటిసారి కళ్లారా చూసుకున్న మనిషి ముఖం చూస్తే ఆ మర్యాద ఎందుకో తెలుస్తుంది.

వరసలో ముప్పై ఏడు మంది. మనిషికి నలభై సెకన్లు అనుకుంటే ఇరవై ఐదు నిమిషాలు. అసలుకు నలభై పట్టింది, ఎందుకంటే ప్రతి రెండో మనిషి ఐపీస్‌ను చేత్తో పట్టుకుంటాడు, గొట్టం కదిలిపోతుంది, మళ్లీ వెతకాలి. చేతులు వెనక్కి కట్టుకోమని చెప్పినా చీకట్లో ఒరగడానికి ఏదో ఒకటి కావాలి. బడి కుర్చీ ఒకటి తెచ్చి ఐపీస్ పక్కన వెనక్కి తిప్పి పెడితే దాని వీపు పట్టుకుని వంగారు, కదలిక ఆగిపోయింది. పొట్టి పిల్లలకు రెండు మెట్ల స్టూలు. వరసలో నిలబడ్డవాళ్ల చేతికి బైనాక్యులర్ ఇస్తే ఓరియన్ నిహారికను వాళ్లే చూసుకుంటూ నిలబడతారు, విసుగుండదు. మెడలో పట్టీ వేశాకే ఇవ్వాలి. "పైసలేమన్న తీస్కుంటరా?" అని మూడుసార్లు వినిపించింది. వరస మొదలవక ముందే గట్టిగా ఉచితమని చెప్పాలి, లేకపోతే కూలి చేసుకునేవాళ్లు దూరంగానే నిలబడిపోతారు.

జనవరి 20, మంగళవారం, తిరుగుదారి

సాయంత్రం పడమట విదియ చంద్రుడు. సన్నటి వంక, మిగతా గుండ్రం మసకగా కనబడేంత తేటగా ఉంది ఆకాశం. ఏడున్నరలోపే దిగిపోయింది.

ములుగు ఇవతల రోడ్డుకు లోపలగా ఉన్న ఒక ఊరి శివాలయం దగ్గర ఆగింది ఫిబ్రవరి 15 కోసం. ఆ రోజు మహాశివరాత్రి. ఊరంతా జాగారం, చంద్రుడు తెల్లవారబోయేదాకా రాడు. రాత్రంతా మెలకువగా ఉండే జనం, చీకటి ఆకాశం ఒకే రోజు దొరకడం ఏడాదిలో ఈ ఒక్కసారే. రామప్ప, వేయిస్తంభాల గుడి లాంటి పెద్ద చోట్ల ఆ రాత్రి లైట్ల వరదే, చిన్న గుడి చాలు. పూజారి, గుడి కమిటీ పెద్దలు అరుగు మీద కూర్చుని బెల్లం చాయ్ తాగుతూ అన్నీ విన్నారు. భజన మైకు ఆపడం కుదరదన్నారు, మైకుతో మనకు ఇబ్బంది లేదు, లైట్లతోనే. అర్ధరాత్రి లింగోద్భవ పూజ అయ్యాక, ఒంటిగంట నుంచి మూడింటిదాకా గుడి వెనక మైదానం వైపు దీపాలు తీసేస్తామని ఒప్పుకున్నారు. ఆ వేళకు ఏముంటాయో అక్కడే కాగితం మీద రాసి ఇచ్చాం. శని ఎనిమిదిన్నరకే దిగిపోతుంది కాబట్టి దాని మాట లేదు. ఒంటిగంటకు గురుడు పడమట సగం ఎత్తున. రెండింటికి సప్తర్షులు నడి ఉత్తరాన, వశిష్ఠుడి పక్కన అరుంధతి, పెళ్లిలో పగటిపూట చూపించిన చుక్కను నిజంగా చూసుకోవచ్చు. తూర్పున బాగా పైకి స్వాతి, ఆగ్నేయాన చిత్త. నాలుగింటిదాకా ఉన్నవాళ్లకు ఎర్రటి జ్యేష్ఠ.

ఖర్చు లెక్క: డీజిల్ 2,100, తిండి 1,850, బసకు 2,400, సామాను 460. నలుగురికి పంచితే మనిషికి 1,700 పైన రెండు రూపాయల యాభై పైసలు. శివరాత్రికి ఇంకో ఫోమ్ షీటు, బైనాక్యులర్ మెడపట్టీలు రెండు, రెండు మెట్ల స్టూలు, కిలో సున్నం కొనాలి. కుర్చీలు గుడివాళ్లే ఇస్తామన్నారు.